ఈ కేసు ఎవరిది? కేంద్రానిదా, రాష్ట్రానిదా?

మన తెలుగునాట కోర్టు గడప ఒకసారి తొక్కినవానికి ఎవరూ నేర్పకుండానే పది ఉర్దూ మాటలు వచ్చేస్తాయి. దాఖలు, హాజరు, జప్తు, జామీను, వకీలు, రాజీ, ఫైసలా – ఇవన్నీ నవాబుల నాటి కచేరీలలోనుండి వచ్చి తెలుగువారి నోళ్ళలో స్థిరపడినవే. పిల్లలకు ఉర్దూ పాఠాలు చెప్పుకునే మావంటి వారికి వీటిలో ఒక మాట మాత్రం ఎప్పుడూ వింతగానే తోస్తుంది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. అదే మాట తెలుగులో ‘ముద్దాయి’ అయ్యేసరికి నేరం మోపబడినవాడు అయి కూర్చున్నాడు. ఈ తారుమారు ఎట్లా జరిగిందో భాషాపండితులు చెప్పాలి. మేము మాత్రం ఈ వ్యాసంలో మరొక తారుమారును గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము.

ఒక ఘోరం జరుగుతుంది. దానిని దర్యాప్తు చేసి, నేరస్థుని బోనులో నిలబెట్టే అధికారం రాష్ట్రానిదా, కేంద్రానిదా? ఇద్దరికీ వుంటే ఎవరు ముందుకు రావాలి, ఎవరు ఆగాలి? ఆగాలో అక్కరలేదో తేల్చేవారెవరు? వినడానికి యిది వకీళ్ళ పేచీలాగా వుంటుంది. కాని ఆ పేచీ తేలేలోపల జైలులో కూర్చునేవాడు వకీలు కాదు. కాబట్టి మామూలు జనం కూడా దీని చరిత్ర కొంత తెలిసికొని వుండడం అవసరమని మా అభిప్రాయం.

ఒకే నేలమీద రెండు అధికారాలు వుండడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1839లో కంపెనీ ప్రభుత్వం 24వ నంబరు చట్టం చేసి గంజాం, విశాఖపట్టణం జిల్లాలలోని మన్యపు జమీందారీలను మామూలు కోర్టుల పరిధినుండి తప్పించి, కలెక్టరును గవర్నరు గారి ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెట్టింది. ‘ఏజెన్సీ’ అన్న మాట అప్పటినుండే మన నోట పడింది. ఒకే జిల్లాలో మైదానంలో దొంగతనం చేసినవానికి ఒక కోర్టు, కొండమీద చేసినవానికి వేరొక పద్ధతి. అటు నిజాం రాజ్యంలోనూ ఇంతే. హైదరాబాదు నగరంలోనే రెసిడెన్సీ బజారులో నిజాంగారి కొత్వాలు మాట చెల్లేది కాదు. అక్కడ బ్రిటిషు రెసిడెంటుదే పెత్తనం. 1933లో ఆ బజారు తిరిగి నిజాంకు దఖలుపడిన తరువాత అది సుల్తాన్ బజార్ అయినది. వీధి దాటితే చట్టం మారిపోయే ఆ రోజులు పోయినవని మనం సంతోషించాము. కాని పూర్తిగా పోలేదు, రూపు మార్చుకొన్నవి.

రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోనిది. కేంద్రపు పోలీసు ఒక రాష్ట్రంలో అడుగుపెట్టి దర్యాప్తు చేయాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. ఇక్కడ సి.బి.ఐ. పుట్టుకను గురించి చెప్పాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, సైనిక కొనుగోళ్ళలో లంచాలు పట్టడానికి స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ అని ఒకటి పెట్టారు. యుద్ధం అయిపోయింది గాని లంచం అయిపోలేదు. అందుచేత 1946లో దానికొక చట్టం చేశారు. 1963 ఏప్రిల్ 1న దానికే సి.బి.ఐ. అని పేరు పెట్టారు. పేరు మారింది గాని అధికారం మాత్రం నేటికీ ఆ 1946 చట్టంనుండి రావలసిందే. ఆ చట్టం 6వ సెక్షనులో ఒక్క వాక్యం వున్నది. రాష్ట్ర ప్రభుత్వపు సమ్మతి లేనిదే ఆ రాష్ట్రంలో ఈ సంస్థ తన అధికారం చెలాయించరాదు అని దాని భావం. చాలాకాలం రాష్ట్రాలన్నీ ఒకేసారి అందరికీ వర్తించేటట్లు సమ్మతి ఇచ్చేసి, ఆ సంగతి మరచిపోయినవి.

మరచిపోయిన సంగతిని మన రాష్ట్రమే అందరికీ జ్ఞాపకం చేసింది. 2018 నవంబరు 8న శ్రీ చంద్రబాబునాయుడు గారి ప్రభుత్వం 176 నంబరు జి.ఓ.తో ఆ సమ్మతిని వాపసు తీసుకున్నది. పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. 2019 జూన్‌లో శ్రీ జగన్‌మోహనరెడ్డి గారి ప్రభుత్వం వస్తూనే మళ్ళీ సమ్మతి ఇచ్చివేసినది. 2022 ఆగస్టులో తెలంగాణా ప్రభుత్వం కూడా తన సమ్మతిని రద్దు చేసికొన్నది. ఇచ్చినా, తీసుకున్నా అందుకు చెప్పే కారణాలు చాలా గంభీరంగానే వుంటాయి. ఢిల్లీలో ఎవరున్నారు, ఇక్కడ ఎవరున్నారు, వారిద్దరికీ పొసుగుతున్నదా లేదా అన్నది తెలిసినవానికి జి.ఓ. చదవవలసిన పని వుండదు.

అయితే జి.ఓ. వల్ల అంతా ఆగిపోతుందనుకోవడం పొరపాటు. ఒకసారి సమ్మతితో మొదలైన దర్యాప్తును తరువాత సమ్మతి తీసివేసి ఆపలేరని సిక్కిం రాష్ట్రపు కేసులో సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. సమ్మతి లేకపోయినా హైకోర్టు గాని సుప్రీంకోర్టు గాని ఆదేశిస్తే సి.బి.ఐ. దర్యాప్తు చేయవచ్చునని 2010లో పశ్చిమ బెంగాలు కేసులో అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. మన రాష్ట్రానిదే మరొక తమాషా వ్యవహారం వున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎప్పుడో 1990లో ఇచ్చిన సమ్మతి, 2014లో రాష్ట్రం రెండుగా చీలిన తరువాత కొత్త ఆంధ్రప్రదేశ్‌కు చెల్లుతుందా అని పేచీ వచ్చినది. చెల్లదని లంచం కేసులలోని కేంద్ర ఉద్యోగులు కొందరు వాదించగా హైకోర్టు ఒప్పుకొని కేసులు కొట్టివేసింది. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, రాష్ట్రం చీలినంత మాత్రాన పాత చట్టాలు, పాత ఉత్తర్వులు గాలికి పోవని చెప్పింది. ఇల్లు పంచుకున్న అన్నదమ్ములకు తండ్రి చేసిన బాకీ పోదు కదా.

ఇదంతా సి.బి.ఐ. సంగతి. 2008 నవంబరు 26 బొంబాయి దాడుల తరువాత పుట్టిన ఎన్.ఐ.ఎ. సంగతి వేరు. దానికి రాష్ట్రపు సమ్మతితో పనిలేదు. ఆ చట్టం చివర ఒక జాబితా వున్నది. ఆ జాబితాలోని నేరం ఎక్కడైనా నమోదైతే స్టేషను అధికారి రాష్ట్ర ప్రభుత్వానికి తెలియజేయాలి, రాష్ట్రం కేంద్రానికి తెలియజేయాలి. కేంద్రం 15 రోజులలో రెండు సంగతులు తేల్చాలి: అది జాబితాలోని నేరమేనా, అయితే దాని తీవ్రతను బట్టి ఎన్.ఐ.ఎ. తీసుకోదగినదేనా. రాష్ట్రం చెప్పకపోయినా కేంద్రం తనంతట తానే తీసుకోవచ్చు. ఒకసారి తీసుకుంటే రాష్ట్ర పోలీసు ప్రక్కకు తప్పుకొని కాగితాలన్నీ అప్పగించాలి. ఎన్.ఐ.ఎ. వచ్చి చేపట్టేవరకు మాత్రం స్టేషను అధికారి చేతులు ముడుచుకొని కూర్చోరాదు. 7వ సెక్షను ప్రకారం ఎన్.ఐ.ఎ. తాను తీసుకున్న కేసును, కేంద్రం అనుమతితో, తిరిగి రాష్ట్రానికే అప్పగించవచ్చు కూడా.

ఈ ‘తీసుకోదగినదేనా’ అన్న ఒక్క మాటలోనే విశేషమంతా వున్నది. కేంద్రం ఆగవచ్చు, ఆగకపోవచ్చు. ఎప్పుడు ఆగాలో చట్టం విప్పి చెప్పలేదు. దానికి ఉదాహరణ మన గుమ్మంలోనే జరిగింది.

2018 అక్టోబరు 25న విశాఖపట్టణం విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడు శ్రీ జగన్‌మోహనరెడ్డి గారిపై, అక్కడి హోటలులో పనిచేసే యువకుడొకడు కోడిపందేల కత్తితో దాడి చేశాడు. ఎడమచేతికి గాయమైంది. విమానాశ్రయం కాపలా చూచే కేంద్ర భద్రతాదళం వారు అతనిని పట్టుకొని రాష్ట్ర పోలీసుకు అప్పగించారు. గాయపడిన నాయకుడు హైదరాబాదు వెళ్ళి అక్కడ ఆసుపత్రిలో చేరి, ఆంధ్ర పోలీసుకు వాంగ్మూలం ఇవ్వను పొమ్మన్నారు. రాష్ట్రం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ప్రతిపక్షం వారు హైకోర్టుకు వెళ్ళారు.

పేచీ ఎక్కడ వచ్చిందో చూడండి. కత్తితో పొడవడం మామూలు శిక్షాస్మృతి నేరమే, రాష్ట్ర పోలీసు రోజూ చూచే నేరమే. కాని విమానాశ్రయంలో పొడిస్తే అది పౌరవిమానయాన భద్రతకు సంబంధించిన 1982 నాటి చట్టంలోకి కూడా వస్తుంది. ఆ చట్టం ఎన్.ఐ.ఎ. జాబితాలో వున్నది. అదే కత్తి, అదే చెయ్యి, అదే గాయం. విమానాశ్రయం గేటు బయట జరిగివుంటే దాని కథ రాష్ట్ర పోలీసు స్టేషనులోనే ముగిసేది. హైకోర్టు అడిగిన మీదట కేంద్రం 2018 డిసెంబరు ఆఖరున ఉత్తర్వు ఇచ్చింది. 2019 జనవరి 1న ఎన్.ఐ.ఎ. కేసు కట్టింది. రాష్ట్రం ఊరుకోలేదు. తమ దర్యాప్తు చాలావరకు అయిపోయిందని, శాంతిభద్రతలు రాష్ట్రానివని ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి వ్రాశారు. కాగితాలు అప్పగించడంలో తాత్సారం జరిగింది. అయినా ఎన్.ఐ.ఎ. ఆ జనవరిలోనే విజయవాడ ప్రత్యేక కోర్టులో అభియోగపత్రం దాఖలు చేసింది. ముద్దాయి ఒక్కడే.

అటుపైన జరిగినదే మాకు ఎక్కువగా ఆలోచించదగినదిగా కనబడుతున్నది. 2019 మే నెలలో ఎన్నికల ఫలితాలు వచ్చాయి. నిన్నటి ప్రతిపక్షనాయకుడు ముఖ్యమంత్రి అయినారు. కేసు కోసం కొట్లాడిన వారికెవరికీ ఆ కేసుతో యిక పని లేకపోయింది. కుట్ర ఏదీ కనబడలేదని ఎన్.ఐ.ఎ. 2023లో కోర్టుకు చెప్పింది. సాక్ష్యం వినడం సంవత్సరాల తరబడి సాగలేదు. ఆ యువకుడు మధ్యలో కొద్దినాళ్ళు జామీను మీద బయటవున్నది పోగా సుమారు ఐదేండ్లు జైలులో వుండి, 2024 ఫిబ్రవరిలో హైకోర్టు జామీను మంజూరు చేస్తే బయటకు వచ్చాడు. అతడు చేసింది మంచి పని అని మేము అనడంలేదు. మామూలు కోర్టులో ఆ నేరానికి ఎంత శిక్ష పడునో వకీళ్ళను అడిగితే చెబుతారు. విచారణ కాకముందే అతడు దానిలో ఎంత భాగం అనుభవించాడో మనమే లెక్కవేసుకోవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురైన కేసు ఆ మరుసటి సంవత్సరమే వచ్చింది. 2019లో ఆంధ్ర ఇంటెలిజెన్సు పోలీసులు నౌకాదళపు సిబ్బంది కొందరు శత్రుదేశానికి రహస్యాలు చేరవేస్తున్నారని పట్టుకున్నారు. మన రాంబిల్లి తీరంలో నౌకాదళపు స్థావరం కడుతున్నారు గనుక ఆ వార్త మనవాళ్ళు చెవి ఒగ్గి విన్నారు. రాష్ట్రం కనిపెట్టిన కేసే అయినా ఆ డిసెంబరు ఆఖరులో ఎన్.ఐ.ఎ. తీసుకుంటే ఎవరూ కిమ్మనలేదు. చట్టం అదే, జాబితా అదే. అప్పటికి విజయవాడకూ ఢిల్లీకీ నడుమ గాలి మారింది, అంతే.

అమెరికాలో ఈ చిక్కు మరీ గట్టిది. అక్కడ రాష్ట్రానికి వేరే కోర్టులు, కేంద్రానికి వేరే కోర్టులు. ఒకే పనికి రాష్ట్రం ఒకసారి, కేంద్రం మరొకసారి శిక్షించవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1959 మార్చి 30న రెండు కేసులలో చెప్పింది. వారిలో ఒకడు బ్యాంకు దోపిడీ కేసులో కేంద్రపు కోర్టులో నిర్దోషిగా బయటపడినా ఇల్లినాయి రాష్ట్రం మళ్ళీ పట్టుకొని శిక్ష వేసింది. తీర్పు వచ్చిన వారం రోజులకే అటార్నీ జనరల్ విలియం రోజర్స్ తన ప్రాసిక్యూటర్లకు తాఖీదు పంపారు: చేయవచ్చు గదా అని చేయకండి, రాష్ట్రం విచారించిన కేసును మళ్ళీ ఎత్తుకోవాలంటే పైఅధికారి అనుమతి తీసుకోండి అని. ఆ మరుసటి ఏటి ఒక కేసును బట్టి దానికి ‘పెటీట్ విధానం’ అని పేరు వచ్చింది. కేంద్రానికి గట్టి ప్రయోజనం వుండాలి, రాష్ట్రపు విచారణవల్ల అది నెరవేరకుండా మిగిలిపోయి వుండాలి, శిక్ష పడేంత సాక్ష్యం చేతిలో వుండాలి. ఇవి వుంటేనే ముందుకు వెళ్ళాలి. 1992లో రోడ్నీ కింగ్ అనే నల్లవానిని చావబాదిన పోలీసులను రాష్ట్రపు జూరీ వదలివేస్తే, 1993లో కేంద్రపు కోర్టు వారిలో ఇద్దరిని శిక్షించింది ఈ దారిలోనే. అయితే అది శాఖ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటే గాని ముద్దాయి కోర్టులో అడిగి తీసుకోగల హక్కు కాదు.

మన దేశంలో అట్లా రెండుసార్లు విచారణ లేదు. రాజ్యాంగం 20వ అధికరణం ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 300వ సెక్షను, నేటి నాగరిక సురక్షా సంహితలోని 337వ సెక్షను కూడా విచారణ ముగిసినవానిని మళ్ళీ అదే నేరానికి బోనెక్కించవద్దంటవి. చదివితే మనస్సు కుదుటపడుతుంది. కాని మనవద్ద ఇబ్బంది తీర్పు తరువాత కాదు, తీర్పుకు ముందు. కేసు ఒక చేతినుండి మరొక చేతికి పోతుంది. దానితో పాటు మనిషి పోతాడా? ఈ ప్రశ్నకు హైదరాబాదు మక్కా మసీదు కేసులో వచ్చిన జవాబు మనవాళ్ళందరూ తెలుసుకోవలసినది.

2007 మే 18 శుక్రవారం. జుమా నమాజు వేళ మక్కా మసీదు ఆవరణలో బాంబు పేలి 9 మంది చనిపోయారు. తరువాత బయట జరిగిన పోలీసు కాల్పులలో మరి అయిదుగురు పోయారు. మరుసటి నెలలోనే రాష్ట్రప్రభుత్వం పేలుడు కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. కాగితం మీద రాష్ట్రం తప్పుకున్నట్టే. కాని నగర పోలీసులు వేరే కుట్ర కేసులు కట్టి, పాతబస్తీ ముస్లిం యువకులను పదులకొద్దీ పట్టుకుపోయారు. పేలుడు కేసు నంబరు ఒకటి, ఈ కుట్ర కేసుల నంబర్లు వేరు. సి.బి.ఐ.కి పోయింది నంబరే. మనుషులు నగర పోలీసు చేతిలోనే మిగిలారు. రాష్ట్ర మైనారిటీల కమిషను పంపిన న్యాయవాది జైలులో వారిని చూచి, చిత్రహింసలు జరిగినవని నివేదిక ఇచ్చారు. 2008, 2009 సంవత్సరాలలో కోర్టులు ఆ కేసులను కొట్టివేసి వారిని వదలివేశాయి. మసీదులో బాంబు పేలితే దెబ్బతిన్న బస్తీవారే ఉర్దూ ముద్దయీలు కావలసివుండగా తెలుగు ముద్దాయిలు అయినారు.

ఈలోగా సి.బి.ఐ. దర్యాప్తు వేరే దారిన పోయి, 2010లో హిందూ సంస్థలతో సంబంధమున్న వారిని అరెస్టు చేసింది. వారిలో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చి, తరువాత దానిని కాదన్నారు. 2011 ఏప్రిల్‌లో కేసు సి.బి.ఐ. చేతినుండి ఎన్.ఐ.ఎ. చేతికి పోయింది. అంటే నాలుగేండ్లలో మూడు చేతులు. మేము ఏ మతంవారిని ఏమీ అనడంలేదు. కోర్టు నిర్దోషులన్న వారిని దోషులనడానికి మనమెవరం? ఒక్క సంగతి మాత్రం చూడండి. ఒక్కొక్క చేయి మారినప్పుడల్లా కొత్త అధికారి పాత కాగితాలు మొదటినుండి చదవాలి, సాక్షి మళ్ళీ చెప్పాలి. ఏండ్లు గడిచేకొద్దీ సాక్షి జ్ఞాపకమూ తగ్గుతుంది, ధైర్యమూ తగ్గుతుంది. 200 మందికి పైగా సాక్షులను విచారిస్తే 60 మందికి పైగా మాట మార్చారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు, విచారణకు వచ్చిన అయిదుగురినీ సాక్ష్యం చాలలేదని విడుదల చేసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి సొంత కారణాలని చెప్పి ఆ రోజే రాజీనామా ఇచ్చారు. పదకొండేండ్ల తరువాత, ఆ 9 మందిని ఎవరు చంపారన్న దానికి మూడు దర్యాప్తు సంస్థలలో ఏ ఒక్కటీ కోర్టు ఒప్పుకున్న జవాబు ఇవ్వలేకపోయింది.

ఇక ముందు పట్టుకుపోబడి విడుదలైన యువకుల మాట. రాష్ట్రప్రభుత్వం సుమారు 70 మందికి నష్టపరిహారం ప్రకటించింది. జైలుపాలైన వారికి 3 లక్షల రూపాయలు చొప్పున, ఊరికే పట్టుకెళ్ళి వదలివేసిన వారికి 20 వేలు చొప్పున. మంచి నడవడి గలవారని కాగితాలు కూడా ఇచ్చారు. 2012 జనవరిలో కొందరు చెక్కులు అందుకున్నారు. 2013లో హైకోర్టు, కేసు కొట్టివేయబడినంత మాత్రాన పరిహారం ఇవ్వడానికి చట్టంలో దారి లేదని ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఏ సంస్థ ఏ కేసును తీసుకోవాలో, ఎన్ని రోజులలో తీసుకోవాలో, ఎవరికి తిరిగి ఇవ్వవచ్చునో చెప్పడానికి 1946 చట్టంలోనూ, 2008 చట్టంలోనూ సెక్షన్లు వున్నవి. ఇద్దరి మధ్య నలిగి బయటపడిన నిర్దోషికి ఎవరు ఏమి ఇవ్వాలో చెప్పే సెక్షను ఆ రెండు చట్టాలలోనూ లేదు.